గాయపడిన గుండె మరల చిగుర్చునా?

గుండెపోటునుండి బయటపడిన రోగి నాలుగైదు దినములకు కొంత తేరుకొని అడుగు ప్రశ్న యొకటి కలదు: “డాక్టరుగారూ, నా గుండె మళ్లీ మునుపటిలా అవుతుందా?” మేము వైద్యవిద్య నభ్యసించిన కాలమున దీనికి సమాధానము సులభము. కాదు. విరిగిన ఎముక అతుకును, తెగిన చర్మము మానును, కోసిన కాలేయము సయితము పెరుగును. గుండెకండరము మాత్రము పెరుగదు. రక్తనాళమున గడ్డ అడ్డుపడగా, రక్తమందని భాగమున కొన్ని గంటలలోనే కణములు నశించును. పెద్ద పోటులో నవి 100 కోట్ల వరకు నుండవచ్చును. అచ్చట మచ్చ మిగులును. మచ్చ గుండెను చినిగిపోకుండ కాచునే కాని, ముడుచుకొని రక్తమును నెట్టజాలదు.

ఈ పాఠమును పిదప కొంత దిద్దుకొనవలసివచ్చినది. దిద్దిన సాధనము విచిత్రమైనది. 1963లో ఒడంబడిక కుదురువరకు ఆకాశమున పేల్చిన అణుబాంబులవలన గాలిలో కార్బన్-14 పెరిగి, తరువాత క్రమముగా తగ్గుచువచ్చినది. అది ఆహారముద్వారా మన కణములలోని డి.ఎన్.ఏ.లో చేరును. దానిని కొలిచినచో కణములు ఏనాటివో అంచనా కట్టవచ్చును. 2009లో స్వీడనునందు యోనాస్ ఫ్రిసేన్ బృందము గుండెకణముల వయస్సును ఇట్లే లెక్కించినది. 25 ఏండ్ల వయస్సున ఏటికి నూటికొక కణము చొప్పున క్రొత్తవి పుట్టుచున్నవి. 75 ఏండ్లకు అందు సగము కూడ లేదు. ఆ బాంబులు చేసిన మేలు ఇదియొక్కటే కాబోలు!

శక్తి లేకపోలేదు, చాలదు. జీబ్రాచేప గుండెలో క్రిందిగదిని ఐదవవంతు కోసివేసినను రెండు నెలలలో పూరించుకొనునని 2002లో తేలినది. పుట్టిన మరునాడు చుంచుపిల్లయు నట్లే చేయగలదు. వారము తిరుగునప్పటికి ఆ నేర్పు పోవును.

మరి కణములను బయటినుండి ఈయరాదా? ఎముకమజ్జకణములు చుంచుగుండెలో కండరముగా మారినవని 2001లో అమెరికాలో ప్రకటించిరి. ఆ ఆశతో రోగులకును ఎక్కించిరి. అవి కండరముగా మారుట లేదని 2004లో ఇతరులు చూపిరి. 2018లో ఆ పరిశోధకుని ప్రయోగశాలవారి 31 వ్యాసములను ఉపసంహరింపవలెనని హార్వర్డువారే కోరిరి.

నేటి ఆశ మరొక దారిని వచ్చినది. ఎదిగిన కణమును వెనుకకు మరల్చి, ఏ కణముగనైన మారగల స్థితికి తేవచ్చునని క్యోటోలో యమనక 2006లో చూపెను. అట్లు చేసిన గుండెకండరము గాజుగిన్నెలో తనంతట తానే కొట్టుకొనును; చూచినవారికి ఒడలు పులకరించును. చిక్కును అందే యున్నది. 2014లో కోతులగుండెలోనికి మూలకణములనుండి చేసిన కండరకణములను ఎక్కింపగా, మేళములో ఒక డోలు వేరుతాళము వేసినట్లు లయ తప్పినది. జర్మనీలో గ్యొట్టింగెనువారు కండరమును ముక్కగా పెంచి గుండెపై కుట్టిరి. కోతులలో లయ చెడలేదు. ఒక రోగికి మూడు నెలల పిమ్మట గుండెమార్పిడి చేసి, పాతగుండెను పరీక్షింపగా ఆ ముక్క సజీవముగా నున్నదని 2025లో ప్రకటించిరి.

కావున నేడు ఆ రోగికి మేము “కాదు” అనము. “ఇప్పుడే కాదు” అందుము. పరీక్షలకు వెలుపల డబ్బు తీసికొని మూలకణములు ఎక్కించెదమనువారికడకు పోవలదని కూడ చెప్పుదుము. అతడు కొంతసేపూరకుండి, నడక ఎప్పుడు మొదలుపెట్టవచ్చునని అడుగును. దానికి జవాబు సులభము: మంచము ప్రక్కనే, ఈ సాయంత్రమే.