గల్ఫ్ వెళ్లిన తల్లుల దిగులు

ఈ నగరం గ్రామంలో మాట్లాడుతూ 2014 జూన్ 27న గ్యాస్ పైపులైను పేలుడులో ప్రాణాలు పోగొట్టుకున్నవారిని తలుచుకోకుండా మొదలుపెట్టలేను. వారికి నా నివాళి.

కువైట్, మస్కట్, దుబాయ్, ఖతార్‌లలో ఇంటిపనికి వెళ్లిన మన కోనసీమ ఆడవాళ్ల గురించి ఈరోజు మాట్లాడాలనుకుంటున్నాను. మామిడికుదురు, రాజోలు, పి.గన్నవరం, ఎటు వెళ్లినా కువైట్ డబ్బుతో లేచిన డాబాలున్నాయి. వాటికి డబ్బు పంపిన మనిషి ఆ గదుల్లో ఎన్ని రాత్రులు పడుకుందో మనం అడగం. వెళ్లినవాళ్లలో చాలామంది దళిత, వెనుకబడిన కులాల స్త్రీలే. అప్పులు, కూతురి పెళ్లి, మొగుడి తాగుడు వాళ్లను విమానం ఎక్కించాయి.

దిగగానే పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, చేతికి వెళ్తుంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికో సెలవివ్వాలనీ కువైట్ 2015లో చట్టం చేసింది. కానీ నాలుగు గోడల మధ్య అది అమలవుతోందా అని చూసేవారెవరు? రాత్రి పదకొండింటికి గిన్నెలు తోమి ఆమె ఐమోలో ఇంటికి ఫోన్ చేస్తే ఇక్కడ ఒంటిగంటన్నర. పిల్లాడు గాఢ నిద్రలో ఉంటాడు. అమ్మమ్మ లైటు వేసి, ఫోను వాడి మొహం దగ్గర పెట్టి చూపిస్తుంది. ఆ తల్లి కాసేపు చూసి, లేపొద్దులే అంటుంది.

రెండేళ్లకో నాలుగేళ్లకో వస్తుంది. పిల్లలు అమ్మమ్మ కొంగు వదలరు. పంపిన డబ్బు ఏమైందో భర్త చెప్పడు. అక్కడ ఎలా ఉందో ఏమోనని వీధి చెవులు కొరుక్కుంటుంది. ఈ చివరిది నాకు అన్నిటికన్నా క్రూరంగా తోస్తుంది. ఆమె మాత్రం నీరసం, గుండెదడ, నిద్ర పట్టడం లేదు అంటుంది. ఆర్ఎంపీ సెలైన్ పెడతాడు. డిప్రెషన్ అన్న మాట ఎవరి నోటా రాదు.

జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్ కాంబర్‌వెల్ స్త్రీల కుంగుబాటును పరిశోధించి 1978లో పుస్తకం వేశారు. మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం వాళ్లు గుర్తించిన ముఖ్య కారణాల్లో ఒకటి. లాస్ ఏంజెలెస్ ఇళ్లలో పనిచేస్తూ పిల్లల్ని స్వదేశంలో వదిలిన మెక్సికో, మధ్య అమెరికా తల్లుల గురించి హోండాన్యూ-సొటెలో, అవిలా 1997లో రాశారు. అది చదువుతుంటే నాకు రాజోలే కనిపించింది. అదే ఎడబాటు, పిల్లల్ని వదిలేసిందన్న అదే నింద. గోవా తల్లులపై విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనంలో ప్రసవానంతర కుంగుబాటుకు పేదరికం, భర్త హింస, ఆడపిల్ల పుట్టిందన్న అసంతృప్తి కారణాలుగా తేలాయి. అందుకే ఆ మనిషిని మనసు గట్టిచేసుకోమనడం అన్యాయం. అప్పు, కఫీల్, భర్త, వీధి ఇంతమంది కలిసి తెచ్చిన జబ్బుకు ఆమె ఒక్కతే ఎందుకు జవాబు చెప్పాలి?

ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండాలని మన నిబంధన. దాన్ని తప్పించుకోవడానికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతారు. అలా వెళ్లినామెకు ఫిర్యాదు చేయాలన్నా భయమే. వెళ్లకుండా ఆపడం రక్షణ కాదు. సక్రమంగా పంపడం, వచ్చాక ఆదుకోవడం కావాలి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు 2022 నుంచి ఉంది. ఆశా కార్యకర్తలు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల గడప తొక్కి ఆ నంబరు చెప్పాలని నా కోరిక.

రచయితలకు ఒక్క మాట. ఆమె శవపేటికలో వస్తేనే మనం కవిత రాస్తున్నాం. బతికి వచ్చినామె దగ్గర కూర్చోండి. మధ్యాహ్నం సదస్సులో మొదటి గంట తిరిగొచ్చిన అక్కచెల్లెళ్లకు ఇవ్వమని నిర్వాహకులను అడిగాను, ఒప్పుకున్నారు. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు ఫోన్లు లోపల పెట్టండి, ఫొటోలు తీయొద్దు, ఊరూ పేరూ అడగొద్దు.