ఆంగ్ల వాక్యములో క్రియావిశేషణమునకు చోటు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

ఆంగ్ల వ్యాకరణముతో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. తెలుగును అధికార భాషగా చేయు శాసనము ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లోనే వచ్చినది. మన గ్రామసభలు తెలుగులోనే జరుగుచున్నవి. అయినను రాజ్యాంగములోని 348వ అధికరణమును బట్టి చట్టములకును, వాని క్రింద చేయు నియమములకును ప్రామాణికమైన పాఠము ఆంగ్లమున ఉండవలెను. బ్యాంకు కాగితములు, గుత్తేదారుల ఒడంబడికలు కూడ తరచుగా ఆ భాషలోనే మన ముందునకు వచ్చుచుండును. వానికి ఆమోదము తెలుపువారు మీరు. కనుక ఆ వాక్యములలో ఒక్కొక్క చిన్న మాట ఎచ్చట కూర్చున్నదో చూచుట అవసరమని మేము తలచుచున్నాము.

'త్వరగా', 'ఎల్లప్పుడు', 'మాత్రము' వంటి మాటలను క్రియావిశేషణము లందురు. తెలుగులో 'మాత్రమే' అను అర్థమునకు ఏకారము చాలును. దానిని ఏ మాటకు తగిలించిన ఆ మాటకే బలము. 'పంచాయతీయే రెండు బావులను బాగుచేసినది' అన్నచో మరెవ్వరును చేయలేదని భావము. 'రెండు బావులనే' అన్నచో మూడవదానిని చేయలేదని భావము. ఆంగ్లములో ఇట్టి ప్రత్యయము లేదు. అక్కడ 'ఓన్లీ' అను మాటయే చోటు మార్చుకొని ఈ పని చేయవలెను. 'ఓన్లీ ది పంచాయత్ రిపేర్డ్ టూ వెల్స్' అనునది మొదటి అర్థము నిచ్చును. 'ది పంచాయత్ రిపేర్డ్ ఓన్లీ టూ వెల్స్' అనునది రెండవ దానిని. 'ఓన్లీ రిపేర్డ్' అని క్రియకు ముందు పెట్టినచో, బాగుచేసినదే గాని క్రొత్తవి త్రవ్వలేదని కూడ వాదింపవచ్చును. మాటలాడునప్పుడు ఆంగ్లేయులు సైతము దానిని క్రియకు ముందే యుంచి, గొంతు నొక్కుటచే అర్థమును తెలుపుదురు. కాగితమునకు గొంతు లేదు గదా!

చెక్కుపై 'అయిదువేల రూపాయలు' అని వ్రాసి చివర 'ఓన్లీ' చేర్చుట మీరెరుగుదురు. అది తరువాత మరియొక మాటను ఎవరును చేర్చకుండ వేసిన గడియ.

మనవారు పొరపడు చోటు ఇంకొకటి కలదు. 'బావిని త్వరగా బాగుచేసిరి' అని కర్మకును క్రియకును నడుమ విశేషణము నుంచుట మన అలవాటు. ఆంగ్లములో క్రియయు కర్మయు ప్రక్కప్రక్కనే యుండవలెను. 'రిపేర్డ్ ది వెల్ క్విక్లీ' అనవలెను.

ఇక కూలిజనమునకు సంబంధించిన సంగతి. గుత్తేదారు 'అగ్రీడ్ ఇమ్మీడియట్లీ టు పే ది వేజెస్' అని యున్నదనుకొనుడు. వెంటనే జరిగినది ఒప్పుకొనుట. కూలి ఎప్పుడు ముట్టునో అందు లేదని అతడు చెప్పవచ్చును. 'అగ్రీడ్ టు పే ది వేజెస్ ఇమ్మీడియట్లీ' అన్నచో చెల్లింపే వెంటనే జరుగవలెను. తెలుగులోను 'వెంటనే' యను మాటను వాక్యారంభమున పెట్టినచో ఈ చిక్కే వచ్చును. నిజమునకు 'ఏడు దినములలోపల' అని గడువు వ్రాయించుటయే మేలు.

ముసాయిదా వచ్చినప్పుడు 'ఓన్లీ', 'ఇమ్మీడియట్లీ' యున్న ప్రతి వాక్యమును కార్యదర్శిచే తెలుగులో చెప్పించుడు. ఏకారము దేనిపై వేయవలెనో, 'వెంటనే' దేనికి చెందునో ఆయన తడబడినచో, సంతకమునకు ముందే ఆ వాక్యమును తిరిగి వ్రాయించుడు.