బాకీపడిన ఆదాయపు పన్ను రిటర్నులు: పంచాయతి సభ్యులతో కొన్ని మాటలు



ఆదాయపు పన్ను అనగానే అది పట్టణములలోని ఉద్యోగస్థులకును, వర్తకులకును సంబంధించిన వ్యవహారమను అభిప్రాయము మన పల్లెలలో నాటుకొని యున్నది. ఇది పూర్తిగా తప్పు కాదు, పూర్తిగా ఒప్పును కాదు. వ్యవసాయాదాయముపై పన్ను విధించు అధికారమును రాజ్యాంగము రాష్ట్రములకు విడిచినది. కేంద్రము విధించు ఆదాయపు పన్ను తక్కిన ఆదాయములకే వర్తించును. కావున వరి అమ్మినవాడును, మిరప అమ్మినవాడును, పొలమును సాగునకిచ్చి కౌలు తీసికొన్నవాడును ఆ సొమ్ముపై కేంద్రమునకు పన్ను చెల్లింప నక్కరలేదు. కడియము నర్సరీలవారు నారుమొక్కలు అమ్మి గడించు సొమ్మును సైతము చట్టము వ్యవసాయాదాయముగనే పరిగణించుచున్నది.

అయితే నేటి పల్లెలో పంటసొమ్ము ఒక్కటియే వచ్చుచున్నదా? కోళ్లఫారములు గలవు, పాడి గేదెలు గలవు, చేపల చెరువులు గలవు. ఎరువుల దుకాణము, ట్రాక్టరు బాడుగ, ధాన్యపు కమీషను వ్యాపారము, రోడ్డు వారగా కట్టిన గదుల అద్దె, బ్యాంకులో వేసిన డిపాజిట్ల వడ్డీ, ఇవి యన్నియు గలవు. ఇవి రైతు చేతికి వచ్చినంత మాత్రమున వ్యవసాయాదాయము కాజాలవు. మేము గ్రామములు తిరుగునపుడు “మాది పొలమే కదా, మాకు రిటర్ను ఏమిటి?” అను మాట వినబడని ఊరు లేదు. ఆ మాట అన్నవారి పెరటిలోనే రెండువేల కోళ్లు కూయుచుండును!

మరియొక పొరపాటు ఇటీవల బయలుదేరినది. పండ్రెండు లక్షల రూపాయల వరకు పన్ను లేదని అందరును వినియున్నారు. 2025-26 ఆర్థిక సంవత్సరము మొదలుకొని క్రొత్త పద్ధతిలో సాధారణ ఆదాయమునకు ఇది నిజమే. కాని అది పన్నులో ఇచ్చెడు తగ్గింపు మాత్రమే. రిటర్ను దాఖలు చేయవలసిన బాధ్యత ఆదాయము 4 లక్షలు దాటినప్పుడే కలుగును. 2023-24, 2024-25 సంవత్సరములకు ఆ పరిమితి 3 లక్షలే. అనగా చెల్లింపవలసిన పన్ను ఒక్క రూపాయియు లేకున్నను, రిటర్ను బాకీపడినవారు అనేకులు ఉందురన్నమాట. ఆదాయము ఈ పరిమితిలోపుననే ఉన్నను రిటర్ను వేయవలసిన సందర్భములును గలవు. ఒక సంవత్సరములో విదేశ ప్రయాణమునకై 2 లక్షలకు మించి, లేదా విద్యుచ్ఛక్తికై 1 లక్షకు మించి వ్యయముచేసినవారు అట్టివారే. అమెరికాలోని కుమారుని చూడబోయిన తల్లిదండ్రులు టికెట్లు తమ సొమ్ముతో కొన్నచో ఈ నిబంధనలోనికి వత్తురు. కుమారుడే కొనిపంపినచో అది వారి వ్యయము కాదు.

ఇక అసలు విషయమునకు వత్తము. జీతము, వడ్డీ, అద్దె గలవారికి గడువు జూలై 31. ప్రభుత్వము అప్పుడప్పుడు దీనిని పొడిగించుట కలదు. 2024-25 సంవత్సరపు రిటర్నులకు 2025 సెప్టెంబరు 16 వరకు గడువిచ్చిరి. ఇట్టి పొడిగింపును నమ్ముకొని కూర్చుండుట మాత్రము వానను నమ్ముకొని విత్తనము చల్లుటవంటిదే. గడువు దాటినను ఆ డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్ను వేయవచ్చును. ఆదాయము 5 లక్షలకు లోబడినచో 1,000 రూపాయలు, మించినచో 5,000 రూపాయలు రుసుము. ఆదాయము పన్నులేని పరిమితిలోపుననే ఉన్నచో సాధారణముగా ఈ రుసుము లేదు. పన్ను బాకీ యున్నచో నెలకు నూటికి ఒక రూపాయి చొప్పున వడ్డీ అదనము. నెలలో ఒక్క దినము గడిచినను నిండు నెలగనే లెక్కింతురు.

రుసుముకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. 2023-24 నుండి క్రొత్త పన్ను పద్ధతియే సహజముగా వర్తించుచున్నది. పాత పద్ధతి కోరు ఉద్యోగస్థుడు గడువులోపల వేయు రిటర్నులోనే ఆ మాట తెలుపవలెను. జీవిత బీమా ప్రీమియము, ప్రావిడెంటు ఫండు, గృహఋణపు వడ్డీ చూపి పన్ను తగ్గించుకొనగల ఉపాధ్యాయుడు గడువు దాటనిచ్చినచో ఆ సంవత్సరమునకు ఆ తగ్గింపులన్నియు పోవును. దుకాణము నడుపువానికి నష్టము వచ్చిన యెడల, ఆ నష్టమును రాబోవు సంవత్సరముల లాభములో తగ్గించుకొను హక్కును గడువుతోనే అంతరించును.

డిసెంబరు 31 కూడ దాటిపోయిన సంవత్సరముల సంగతి యేమి? పూర్వము ఇట్టివారికి తమంతట తాము ముందుకు వచ్చు మార్గము లేకుండెను. 2022లో ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అను పద్ధతిని ప్రవేశపెట్టిరి. మొదట దానికి రెండు సంవత్సరముల వ్యవధి యుండెను. 2025 ఏప్రిల్ నుండి దానిని నాలుగు సంవత్సరములకు పెంచిరి. ఈ వ్యవధిని మదింపు సంవత్సరము, అనగా ఆదాయము వచ్చిన సంవత్సరము వెంటనే వచ్చు సంవత్సరము, ముగిసిన నాటినుండి లెక్కింపవలెను. ఆ లెక్కన 2021-22 ఆదాయమునకు 2027 మార్చి 31 వరకు, 2022-23 ఆదాయమునకు 2028 మార్చి 31 వరకు, 2023-24 ఆదాయమునకు 2029 మార్చి 31 వరకు వ్యవధి గలదు. 1961 నాటి చట్టము స్థానమున 2025 నాటి క్రొత్త చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు చేయబడినది. అంతకు ముందరి సంవత్సరముల బాకీలను పాత చట్టము ప్రకారమే పరిష్కరింతురు గనుక, క్రొత్త చట్టము వచ్చినది, పాతవి రద్దయినవని ఎవరైన చెప్పినచో నమ్మకుడు.

ఈ సదుపాయము ఉచితము కాదు. బాకీపన్నును, దానిపై వడ్డీని కలిపి, ఆ మొత్తముమీద మొదటి సంవత్సరములో నూటికి 25, రెండవ సంవత్సరములో 50, మూడవదానిలో 60, నాలుగవదానిలో 70 చొప్పున అదనపు పన్ను చెల్లింపవలెను. ఒక కోళ్లఫారము యజమానికి పన్నును వడ్డీయు కలిసి 30,000 రూపాయలు తేలినవనుకొందము. మొదటి సంవత్సరములోనే వచ్చినచో అదనము 7,500. రెండవ యేట 15,000. మూడవ యేట 18,000. నాలుగవ యేట 21,000. నడుమ వడ్డీ పెరుగుచునే యుండును గాన నిజముగా చెల్లింపవలసినది ఇంకను హెచ్చు. మొదటి యేటినుండి రెండవ యేటికి పడు దూకు అన్నిటికంటె పెద్దదని గమనింపుడు. చాలమంది కాలము గడుపుచున్నది సరిగా అచ్చటనే. ఆదాయమును దాచినట్లు అధికారులే కనుగొన్నచో దండన ఆ పన్నుకు రెండింతల వరకు పోవచ్చును. కాబట్టి నోటీసు రాకముందు వేసిన రిటర్నుకును, వచ్చిన పిమ్మట వేసినదానికిని హస్తిమశకాంతరము గలదు.

అప్‌డేటెడ్ రిటర్నుతో సాధ్యముకాని పని ఒకటి కలదు. తిరిగి రావలసిన సొమ్ము, అనగా రిఫండు, దానిద్వారా అడుగుటకు వీలులేదు. పల్లెవారికి ఇదియే ముఖ్యమని మా అభిప్రాయము. ఏలయన, మన గ్రామములలో ప్రభుత్వమునకు బాకీపడినవారితోపాటు ప్రభుత్వమే బాకీపడినవారును గలరు. డిపాజిట్ల వడ్డీలో బ్యాంకు నూటికి పది చొప్పున పట్టుకొనును. పాన్ నంబరు ఇయ్యనివారికి ఇరువది. వేరు ఆదాయములేని వృద్ధురాలు రిటర్ను వేయనిచో ఆ సొమ్ము తిరిగి రాదు. 2013 నాటి భూసేకరణ చట్టము క్రింద ఇచ్చిన నష్టపరిహారమునకు ఆ చట్టపు 96వ సెక్షను ప్రకారము ఆదాయపు పన్ను లేదు. 2016 అక్టోబరులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులరు ద్వారా దీనిని స్పష్టపరచినది. ఐనను రికార్డులో భూమి వ్యవసాయేతరమని వ్రాసియున్నందున నూటికి పది తగ్గించి చెల్లించిన సందర్భములు లేకపోలేదు. ఇతర చట్టముల క్రింద తీసికొన్న భూముల విషయము మాత్రము ఆడిటరుతో వేరుగా విచారించుకొనవలెను.

అట్టివారు డిసెంబరు 31 దాటినను నిరాశ చెంద నక్కరలేదు. ఆలస్యమునకు కారణము తెలుపుచు, మన్నింపుమని ప్రిన్సిపల్ కమీషనరునకు దరఖాస్తు చేయవచ్చును. ఒక కోటి రూపాయలకు మించని రిఫండులు ఆయన అధికారములోనివే. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులరు ప్రకారము మదింపు సంవత్సరము ముగిసిన అయిదేండ్లలోగా ఈ దరఖాస్తు చేరవలెను. 2021-22లో తగ్గించిన సొమ్మునకై 2028 మార్చి 31 వరకు అడుగవచ్చును. దీర్ఘవ్యాధి, ఇంటిలో మరణము వంటి నిజమైన కారణమునకు ఆధారము జతచేయవలెను. ఉత్త “తెలియలేదు” అను మాట అంతగా నిలువదు.

పొలము అమ్మినవారు దూరము కొలుచుకొనవలెను. పదివేలు, అంతకు పైబడిన జనాభాగల మునిసిపాలిటీ లోపలి భూమికిని, మునిసిపాలిటీ హద్దునుండి పక్షి యెగిరినట్లు సూటిగా కొలిచిన దూరము లక్ష జనాభా వరకు 2 కిలోమీటర్లు, పదిలక్షల వరకు 6, అంతకు మించినచో 8 కిలోమీటర్లకు లోపలనున్న భూమికిని అమ్మకపు లాభముమీద పన్ను గలదు. దానికి ఆవలనున్న వ్యవసాయ భూమికి లేదు. పట్టణముల ప్రక్కనున్న పంచాయతులవారు దీనిని తమ ప్రజలకు తప్పక చెప్పవలెను. రిజిస్ట్రేషను సమాచారము ఆదాయపు పన్ను శాఖకు చేరుచునే యున్నది. శాఖవారి పోర్టలులో ప్రతివారి పేరను ఉండు వార్షిక సమాచార పట్టికలో వడ్డీ, భూముల అమ్మకము, తగ్గించిన పన్ను కనబడును. రిటర్ను వ్రాయుటకు ముందు ఆ పట్టికను, బ్యాంకు పాసుబుక్కును ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనవలెను.

రిఫండులో భాగమిమ్మని అడిగి, లేని విరాళములు, లేని ఇంటి అద్దెలు వ్రాయు మధ్యవర్తులు కొందరు తిరుగుచున్నారు. వారు తమ వాటా తీసికొని పోవుదురు. నోటీసు మాత్రము సంతకము చేసినవాని ఇంటికే వచ్చును. మరియు పాన్‌ను ఆధార్‌తో జతచేయనివారికి 2023 జూలై 1 నుండి అది పనిచేయుట లేదు. అది సరిపడువరకు రిఫండు రాదు. రిటర్ను పంపిన 30 దినములలో దానిని ఆధార్ ఓ.టి.పి. ద్వారా గాని, సంతకము చేసిన రశీదును బెంగుళూరునకు పంపి గాని ధ్రువపరుపవలెను. వ్యవధి దాటి ధ్రువపరచినచో ఆనాడే రిటర్ను వేసినట్లు లెక్కింతురు. గడువులోగా పంపిన రిటర్ను ఆలస్యపు రిటర్ను అగుట ఈ కారణముననే. చనిపోయినవారి రిటర్నులను వారి వారసులే వేయవలెను. వారు చెల్లింపవలసినది తమకు సంక్రమించిన ఆస్తి విలువకు మించదు. తండ్రి బాకీకి కుమారుని సొంత కష్టార్జితమును ముట్టరు.

ఈ పన్నుతో పంచాయతికి ఏమి సంబంధమని అడుగుదురేమో. 15వ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. మీ మంచినీటి పనులకును, పారిశుద్ధ్యమునకును వచ్చిన నిధులు అందులోనివే. కేంద్రపు పన్నుల రాబడిలో ఆదాయపు పన్ను ఒక పెద్ద భాగము.

అంతకంటె దగ్గరి సంబంధము మరియొకటి గలదు. పంచాయతి స్వంత ఆదాయమునకు పన్ను లేదు గాని, సిమెంటు రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు బిల్లు ఇచ్చునపుడు, ఒక చెల్లింపు 30,000 రూపాయలు, లేదా సంవత్సరపు మొత్తము 1 లక్ష దాటినచో, వ్యక్తులవిషయమున నూటికి ఒక రూపాయి తగ్గింపవలసినది పంచాయతియే. తగ్గించిన సొమ్మును మరుసటి నెల 7వ తేదీలోగా జమకట్టి, మూడు నెలలకొకమారు పట్టిక పంపవలెను. మార్చి నెలకు మాత్రము ఏప్రిల్ 30 వరకు వ్యవధి గలదు. పట్టిక ఆలస్యమైనచో దినమునకు 200 రూపాయలు, తగ్గించిన మొత్తమునకు మించకుండ, రుసుము పడును. పట్టిక పంపనంతవరకు ఆ సొమ్ము కాంట్రాక్టరు ఖాతాలో కనబడదు. అతడు చక్కగా రిటర్ను వేసినను, పన్ను కట్టలేదని అతనికే నోటీసు పోవును. రాబోవు సమావేశములో మీ కార్యదర్శిని, గడచిన నాలుగు త్రైమాసికముల పట్టికలు పంపిన రశీదులను సభ్యుల ముందుంచుమని కోరుడు.