అమ్మకం వేరు, ఆదాయం వేరు
(పొదుపు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు ఆదాయపు పన్ను గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "పన్ను మనకెందుకు? అది పెద్ద షావుకార్ల గొడవ" అని కొందరు అంటారు. "ఫోనులో డబ్బు పడితే పన్ను వాళ్లు పట్టుకుంటారట" అని ఇంకొందరు భయపడతారు. రెండూ సరికాదు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. అమ్మకం వేరు, ఆదాయం వేరు. ఆదాయపు పన్ను ఆదాయం మీదనే.

ఒక అక్కకు కిరాణా కొట్టు ఉందనుకోండి. ఏడాదికి 10 లక్షల సరుకు అమ్ముతుంది. ఆ 10 లక్షలూ ఆమెవేనా? కావు. సరుకు ఇచ్చినవాళ్లకు కట్టాలి. కొట్టు అద్దె కట్టాలి. కరెంటు బిల్లు కట్టాలి. అన్నీ పోగా మిగిలిందే ఆదాయం.

చిన్న వ్యాపారులకు చట్టంలో ఒక సులువైన లెక్క ఉంది. నగదు అమ్మకాల మీద నూటికి 8 రూపాయలు ఆదాయంగా చూపవచ్చు. ఫోను ద్వారా, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాల మీద నూటికి 6 రూపాయలు చాలు. అసలు లాభం ఇంకా ఎక్కువగా ఉంటే ఎక్కువే చూపాలి.

మన అక్కకు 6 లక్షలు నగదుగా వచ్చాయి. దాని మీద 48 వేలు. 4 లక్షలు ఫోనులో వచ్చాయి. దాని మీద 24 వేలు. మొత్తం 72 వేలు. చూశారా! ఫోనులో వచ్చిన డబ్బుకే లెక్క తక్కువ.

పంట ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ పాల వ్యాపారం, కోళ్ల ఫారం పంట కిందికి రావు. అవి వ్యాపారమే.

ఇక మార్పులు చూద్దాం. పన్ను లెక్కలు ఏటా బడ్జెట్‌లో మారవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను కట్టక్కరలేదు. అంతకుముందు ఈ హద్దు 7 లక్షలు. ఇల్లు, స్థలం అమ్మితే వచ్చే లాభానికి మాత్రం లెక్క వేరు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆదాయం 4 లక్షలు దాటితే, పన్ను పడకపోయినా రిటర్ను వేయాలి. రిటర్ను అంటే మన ఆదాయం ఇంత అని ప్రభుత్వానికి చెప్పే కాగితం. గడువు దాటితే జరిమానా పడుతుంది. గడువు కూడా మారుతూ ఉంటుంది. 2025లో జులై 31 గడువును సెప్టెంబరు 16 దాకా పెంచారు. అందుకే ఏటా అడిగి తెలుసుకోవాలి.

1961 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు. దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1.

ఈ మాటలు గుర్తుంచుకోండి:

రోజూ అమ్మకం, ఖర్చు నోటుపుస్తకంలో రాయండి.

మీ పాన్ కార్డు మీ దగ్గరే ఉంచుకోండి.

మీ పేరున ఎవరు రిటర్ను వేసినా జవాబు చెప్పాల్సింది మీరే. చదవకుండా సంతకం పెట్టకండి.

"పన్ను డబ్బు వెనక్కి వస్తుంది, ఓటీపీ చెప్పండి" అని ఫోను వస్తే చెప్పకండి.

అక్షరాలు నేర్చుకున్నాం. అంకెలు నేర్చుకున్నాం. మన లెక్క మనమే రాసుకుందాం!

ఆలోచించండి, చెప్పండి:
1. అమ్మకానికీ ఆదాయానికీ తేడా ఏమిటి?
2. పన్ను పడకపోయినా రిటర్ను ఎప్పుడు వేయాలి?
3. మీ పాన్ కార్డు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?