పిల్లల చేతికి చుక్కాని
(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా ఈ వేదిక మీద మనం స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టు మిషన్ల గురించి, ఆపరేషన్ల ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి కార్యదర్శిగారు నాకు 'యువజన కార్యక్రమాలు' అన్న విషయం ఇచ్చారు. తెరచాప పడవల గురించి మాట్లాడతానంటే ఒక్క నిమిషం నా మొహం వంక చూసి, "మాస్టారూ, మనవాళ్ళు సైకిళ్ళు కొనడానికే ఆలోచిస్తున్నారు, మీరు పడవలంటారా?" అన్నారు. ఆయన అనుమానమే మీలో చాలామందికి ఉంటుంది. అందుకే పడవల కంటే ముందు నీళ్ళ గురించి చెబుతాను.

మనది గోదావరి డెల్టా. ధవళేశ్వరం దిగితే గౌతమి, వసిష్ఠ, వైనతేయ. వాటి మధ్య కాలువలు, ఆ కాలువల మధ్య బోదెలు, ఊరికో చెరువు. మరి మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు ఎంతమంది? మన వీధుల్లో ఒక ఆదివారం తిరిగి లెక్క వేస్తే గట్టిగా వేళ్ళ మీద తేలిపోతుంది. ఇంత నీరున్న చోట ఈత నేర్చుకునే చోటు లేదు. ఊరి చెరువు మంచినీళ్ళ చెరువైతే దిగనివ్వరు, చేపల చెరువైతే దిగబుద్ధి కాదు. కాలువ గట్లు సిమెంటు చేశాక జారి పడ్డవాడికి పట్టు దొరకడం లేదు. పండుగ నమాజు అయ్యాక కుర్రాళ్ళు గుంపుగా రేవుకు పోయి ఫొటోలు దిగుతారు. మళ్ళీ ఇంటికి వచ్చేదాకా తల్లులకు ప్రాణం ప్రాణంలో ఉండదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2021లో నీట మునిగి చనిపోయినవాళ్ళు మూడు లక్షల మంది. 5 నుంచి 14 ఏళ్ళ పిల్లల మరణాల కారణాల్లో మునక మూడోది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదే 38 వేల మందికి పైగా మునిగి చనిపోయారని జాతీయ నేర గణాంకాల సంస్థ చెబుతోంది. బడి వయసు పిల్లలకు ఈత, నీటి దగ్గర జాగ్రత్త, మునుగుతున్నవాణ్ణి తాను మునగకుండా కాపాడే పద్ధతి నేర్పాలని ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది. పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) అన్నారని మన పెద్దలు ఎప్పటినుంచో చెప్పే మాట మీకు తెలిసిందే. విన్నాం, తల ఊపాం, ఊరుకున్నాం.

2019 సెప్టెంబర్ 15 మీకు గుర్తుండే ఉంటుంది. పాపికొండలు చూడటానికి బయలుదేరిన రాయల్ వసిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర వరద నీటిలో తిరగబడింది. డెబ్భై మందికి పైగా ఎక్కిన బోటులో 26 మంది మాత్రమే బతికారు. అంత పెద్ద బోటు మునిగిన చోటికి చిన్న పడవలేసుకొచ్చి ప్రాణాలు కాపాడింది తూటుగుంట గ్రామస్థులు. నీరు తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళు రాగలిగారు. ఆ వార్త చదివిన రోజు నుంచి నా బుర్రలో తిరుగుతున్నది ఒకటే. నీరు తెలిసినవాళ్ళు మన పిల్లల్లో ఎందుకు లేరు?

ఇప్పుడు పడవల సంగతికి వస్తాను.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్ మీద, సంజీవయ్య పార్కు వైపు ఒడ్డున, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అని ఒక క్లబ్బు ఉంది. 2009లో సుహేమ్ షేక్ అనే సాఫ్ట్‌వేర్ వ్యాపారి దాన్ని పెట్టారు. క్లబ్బు అనగానే మనకు తోచేది మెంబర్‌షిప్ ఫీజు, సాయంత్రం పేకాట. ఇక్కడ అలా కాదు. రసూల్‌పురా బస్తీ బడి పిల్లలు, అనాథ గృహాల్లో పెరిగే పిల్లలు, ప్రభుత్వ గురుకులాల పిల్లలు, అమ్మానాన్నలు కూలికి పోయే ఇళ్ళ పిల్లలు అక్కడ తెరచాప పడవ నడపడం నేర్చుకుంటున్నారు. హుస్సేన్ సాగర్ మీదే సికింద్రాబాద్ సైనిక విభాగంవాళ్ళ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ కూడా ఉంది. ఏటా వానాకాలంలో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు ఆ చెరువు మీద పోటీ పడతారు. ఇక్కడ చిన్న మాట. 1562-63 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఆ చెరువును తవ్వించినది హుస్సేన్ షా వలీ సాహెబ్. ఊరికి నీళ్ళ కోసం ఒక బుజుర్గ్ తవ్వించిన చెరువు, నాలుగున్నర వందల ఏళ్ళ తరువాత బస్తీ పిల్లలకు బడి అయింది. సదఖా జారియా అంటే ఇదేనేమో అని అక్కడ ఒడ్డున నిలబడి అనుకున్నాను. ఆ నీటి కంపు మాట వేరే, దానికి హుస్సేన్ షా వలీ బాధ్యులు కారు.

ఆ క్లబ్బులో నేర్చుకున్న ప్రీతి కొంగర అనే అమ్మాయి 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన దేశం తరఫున పడవ నడిపింది. అదే క్రీడల్లో సెయిలింగ్‌లో మన దేశానికి మూడు పతకాలు వచ్చాయి. వాటిలో రెండు సముద్రం లేని మధ్యప్రదేశ్‌కు పోయాయి. భోపాల్ పెద్ద చెరువు మీద ఆ రాష్ట్ర ప్రభుత్వం నడిపే సెయిలింగ్ స్కూల్లో తయారైనవాళ్ళే ఇద్దరూ. రజతం తెచ్చిన నేహా ఠాకూర్ రైతు కుటుంబం పిల్ల. కాంస్యం తెచ్చిన కుర్రాడి పేరు ఇబాద్ అలీ. మన వీధుల్లో క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు తెలియని పిల్లవాడు ఉండడు, ఇబాద్ అలీ పేరు ఎంతమంది విన్నారు? ఏమీ అనుకోకండి, నేను కూడా పేపర్లో చిన్న అక్షరాల్లోనే చూశాను.

పిల్లలు నేర్చుకునే పడవ పేరు ఆప్టిమిస్ట్. పొడవు ఏడడుగుల తొమ్మిదంగుళాలు, బరువు 35 కిలోలు. స్నానాల తొట్టికి తెరచాప కట్టినట్టుంటుంది. పదిహేనేళ్ళ లోపు పిల్ల ఒక్కతే కూర్చుని నడుపుతుంది. దీని పుట్టుక దాతలంతా వినవలసింది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లియర్‌వాటర్ అనే ఊళ్ళో పిల్లల కోసం చవకగా పడవ కావాలని ఆప్టిమిస్ట్ క్లబ్ అనే సేవా సంఘం వాళ్ళు అనుకున్నారు. క్లార్క్ మిల్స్ అనే పడవల మేస్త్రి యాభై డాలర్ల లోపు తయారయ్యేలా ప్లైవుడ్ పలకలతో గీసి ఇచ్చాడు. ఊరి వ్యాపారులు ఒక్కొక్కరు ఒక్కో పడవకు డబ్బిచ్చారు. ఇవాళ ప్రపంచమంతా పిల్లలు ఎక్కే ఆ పడవను తెచ్చింది మనలాంటి చిన్న ఊరి షాపులవాళ్ళు. కోటీశ్వరులు కారు.

పడవ ఎక్కించే ముందు పిల్లకు ఈత రావాలి. తరువాత నేర్పేది పడవను కావాలని తిరగేయడం! తిరగబడిన పడవను వదలకుండా, అడుగున ఉన్న చెక్క మీద బరువు వేసి మళ్ళీ నిలబెట్టి, ఎక్కి, నీళ్ళు తోడి ముందుకు సాగడం. ఇది పదిసార్లు చేశాక గానీ గాలి పాఠం మొదలుకాదు. గాలికి సూటిగా ఎదురు పోయే తెరచాప పడవ లేదు. ఎడమకు కొంత, కుడికి కొంత, అడ్డంగా కోసుకుంటూ పోవాలి. ఎప్పుడు మళ్ళించాలన్నది ఆ పదేళ్ళ పిల్లే తేల్చుకోవాలి. ఒడ్డు మీద నుంచి నాన్న అరిచినా వినపడదు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. చాలా పోటీల్లో నీటి మీద ఈల ఊదే రిఫరీ ఉండడు. దారి ఇవ్వవలసిన చోట ఇవ్వకపోతే, తప్పు చేసిన పిల్లవాడు తనంతట తానే పక్కకు తప్పుకుని పడవను రెండు చుట్లు తిప్పి మళ్ళీ పోటీలో కలవాలి. ఒప్పుకోకపోతే ఒడ్డుకొచ్చాక ఫిర్యాదు, విచారణ, సాక్షులు. ఇలాంటి ఆట మదరసా పిల్లలకూ కాన్వెంటు పిల్లలకూ ఒకేలా పనికొస్తుంది.

"మనకెక్కడివి మాస్టారూ ఈ విద్యలు" అంటారేమో. ఇవి ముందు మనవే. నరసాపురం పక్క మాధవాయపాలెంలో 17వ శతాబ్దంలో ఓడలు కట్టేవారు. ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు అక్కడికి వచ్చి చేయించుకున్నారు. గోల్కొండ సుల్తానుల రోజుల్లో మచిలీపట్నం రేవు నుంచి ఎర్ర సముద్రానికి తెరచాప ఓడలు పోయేవి, హాజీలు వాటిలోనే పోయేవారు. కోరంగి రేవును 1789, 1839 తుఫానులు దెబ్బతీశాక కూడా తాళ్ళరేవు వైపు చెక్క ఓడల పని చాలాకాలం సాగింది. కాటన్ దొర కాలువల మీద ధాన్యం పడవలు గాలి ఉంటే చాప ఎత్తి, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు లాగుతూ పోయేవి. మా నానా ఆ పడవల మీద బియ్యం వ్యాపారం చేశారు. చుక్కాని, తెడ్డు, లంగరు, సరంగు అన్న మాటలు మా అమ్మీ నోట మామూలుగా వచ్చేవి. ఇప్పుడు సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటేటప్పుడు మన పిల్లలు ఫోన్ లోంచి తల ఎత్తరు.

ఉద్యోగం మాట అడిగేవాళ్ళకు ఒక మాట. నౌకాదళం, సైన్యం సెయిలింగ్ వచ్చిన పిల్లలను చిన్న వయసులోనే తీసుకుని చదివిస్తాయి. ఎన్‌సీసీ నేవల్ విభాగంలో చేరితే పైసా ఖర్చు లేకుండా పడవ నేర్పుతారు. ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు తారిణి అనే తెరచాప నౌక మీద 2017 సెప్టెంబర్‌లో గోవాలో బయలుదేరి భూగోళం చుట్టి 2018 మే నెలలో తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు మన తెలుగు ఆడపిల్లలు, విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య.

ఆడపిల్లల తల్లులు నన్ను ఇప్పటికే అడిగారు, బట్టల సంగతేమిటని. ఎండ వల్ల ఈ ఆటలో మగపిల్లలు కూడా పొడుగు చేతుల చొక్కా, నిండు పైజామా, టోపీ వేస్తారు, పైన లైఫ్ జాకెట్. పడవలో ఒక్కరే ఉంటారు. ఈత మాత్రం ఆడపిల్లలకు వేరే సమయంలో, ఆడ టీచరు చేత నేర్పించాలి. ఇందులో రాజీ వద్దు, ఆ కారణంగా వాళ్ళను మానిపించడమూ వద్దు. మునిగేటప్పుడు నీరు ఆడా మగా చూడదు.

ఇక సొమ్ము. జకాత్ పైసా దీనికి ముట్టుకోవద్దు. జకాత్‌కు హక్కుదారులెవరో ఖురాన్ చెప్పింది, అది పేదలకు చేరాలి. ఇది సదఖా నుంచి, ఇష్టపడి ఇచ్చే చందాల నుంచి నడవాలి. సందేహమున్నవాళ్ళు ఉలమాను అడిగి తేల్చుకోండి. రోగం వచ్చిన ఇంటికి ఇవ్వవలసినది తగ్గించి ఈతకు పెట్టమని కూడా నేను అడగను.

అలాగే ఈ ఏడు పడవలు కొనవద్దు. ఎవరైనా ఉత్సాహంగా పడవ ఇస్తామన్నా ఆపండి. నేర్పేవాడు లేని పడవ రెండేళ్ళలో కోళ్ళగూడు అవుతుంది. మొదటి ఏడు నలభై మంది పిల్లలకు ఈత, నీటి జాగ్రత్త. అది కూడా కొలనులో, గోదాట్లో కాదు. వాళ్ళలో గట్టి ఆసక్తి ఉన్న నలుగురైదుగురిని రెండో ఏడు హైదరాబాద్ పంపి శిక్షణ ఇప్పిద్దాం. కాలేజీ పిల్లలను ఎన్‌సీసీ వైపు నడిపిద్దాం. నేర్చుకుని వచ్చినవాళ్ళు తిరిగి నేర్పగలమన్న రోజున, అనుమతులన్నీ తీసుకుని, నీరు నిలకడగా ఉండే శీతాకాలంలో పడవ మాట ఎత్తుకుందాం. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక పదకొండు అడుగుల ముప్పాతిక. ఎర్రనీళ్ళు దిగే జూలై నుంచి వరద తీసేదాకా ఏ పిల్లా నదిలో కాలు పెట్టకూడదు. ఇది రూలు పుస్తకంలో మొదటి రూలుగా రాయాలి.

పేర్లు ఇచ్చేవాళ్ళు ఇషా తరువాత ఆఫీసు గదిలో ఇవ్వండి. పిల్లల వయసుతో పాటు బరువు కూడా రాయించండి. లైఫ్ జాకెట్ బరువును బట్టి తీసుకోవాలి, పెద్దవాళ్ళది వేస్తే పిల్ల అందులోంచి జారిపోతుంది. ఆఫీసు గదిలో తూకం మిషన్ పెట్టించాం.

వస్సలాం.