వంటల పుటనుండి మన గృహిణులు కోరునదేమి?

(మన సంఘ మహిళాసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వారపత్రికలో వంటలకు ఒక పుట కేటాయింపవలెనని కొంతకాలముగా కోరిక వినబడుచున్నది. ఆ భారము మేము వహింతుమని సంపాదకులకు మాట ఇచ్చితిమి. ఇచ్చిన పిదప, మాకు తోచినది వ్రాసి అచ్చొత్తించుటకంటె వండువారినే అడుగుట మేలని, బరంపురములో మాకు చనువున్న ఇండ్లకు వెళ్లి విచారించితిమి. వంటింటి గడపలో కూర్చుండి విన్నదానినే నేడు మీకు విన్నవించుచున్నాము.

తెలుగు పత్రికలకు ఇట్టి పుట క్రొత్తది కాదు. 1928లో కె. ఎన్. కేసరిగారు మద్రాసులో స్థాపించిన 'గృహలక్ష్మి' స్త్రీలకొరకే వెలసినది. 1952 మొదలు మాలతీ చందూర్ గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనము' శీర్షికను దశాబ్దములపాటు నడిపిరి; వారి 'వంటలు – పిండివంటలు' పుస్తకము ఎరుగని తెలుగు ఇల్లాలు అరుదు. తమిళములో ఎస్. మీనాక్షి అమ్మాళ్ గారి 'సమైత్తుప్పార్' 1951లో వెలువడినది. ఆ పేరునకు 'వండి చూడు' అని అర్థము. ప్రక్కన చెప్పు పెద్దదిక్కు లేక, ఒంటరిగా పొయ్యి ముందు నిలుచున్న పడుచును తలచి వ్రాసిన గ్రంథమది. కొలత తెలిపి, ఏది ముందో ఏది వెనుకో చెప్పినందుననే అది నిలిచినది. అట్టి పడుచు నేడు మన యిండ్లలోను ఉన్నది. అయితే ఆమె చిక్కు కొంచెము వేరు.

1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం మద్రాసు రాజధానినుండి విడివడి ఒడిశా రాష్ట్రములో చేరినది. సరిహద్దు మారినను మన పొయ్యి మారలేదు. మారినది బడి. మన పిల్లలు ఇంట తెలుగు పలుకుదురు, బడిలో ఒడియా చదువుదురు. తెలుగు పత్రిక ఇంటికి వచ్చినను అత్తగారు చదువవలె, కోడలు వినవలె.

ఒక ఇంటి సంగతి వినుడు. కోడలు పత్రికలోని కంద బచ్చలి కూరను అత్తగారిచేత చదివించుకొని, 'కంద' కావలెనని బజారునకు మనిషిని పంపినది. వచ్చినది చిలగడదుంప! తప్పు కూరలమ్మునదానిది కాదు, కోడలిదియు కాదు. ఒడియాలో 'కందమూళ' యనగా చిలగడదుంపయే. మన కందను వారు 'ఓలువ' అందురు. ఆ పూట ఆ యింటివారు తియ్యని దుంపకు ఆవ పెట్టుకొని తినిరట. దూరమునుండి వచ్చు పత్రికలలో సొరకాయ యని యుండును. మన యింట అది ఆనపకాయ, సంతలో 'లావు'. వారు రాగులందురు, మనము చోళ్లందుము, అంగడిలో 'మాండియా' అని అడుగవలెను. కావున మన గృహిణుల మొదటి కోరిక ఇది: వస్తువు పేరు మన యింటి మాటలోను, మన బజారు మాటలోను ఉండవలెను. పర్లాకిమిడిలో కూర్చుండి గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై వాదించినది మన సీమనుండియే గదా! ఈ ప్రసంగము గ్రాంథికమున సాగుచున్నను, వంటల పుట వంటింటి మాటలలోనే ఉండునని మాట ఇచ్చుచున్నాము.

ఇక కొలత. ఇది అందరి నోటను వినబడినది. మన పెద్దల వంట గిద్దలతో, సోలలతో నడచినది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. బరువునకు తులము, వీశె. 1956 నాటి తూనికల చట్టము పిదప అంగళ్లలో కిలోలు, లీటర్లు వచ్చినవి. వీశెకు 120 తులములు గనుక ఇంచుమించు 1,400 గ్రాములని లెక్క కట్టవచ్చును. సోలయన్ననో ఊరికొక తీరు. 'తగినంత' అను మాట అంతకంటె చిక్కు. తగినంత అన్న అమ్మమ్మ అజ్ఞానురాలు కాదు. ఆమె చేతికి కొలత తెలియును. ఆ చేయి లేని ఇంట ఆ మాట చదివిన పిల్ల ఏమి చేయవలెను?

ఆవకాయయందు ఈ చిక్కు బాగుగా బయటపడును. పాత లెక్కలలోని ఉప్పు రాళ్ల ఉప్పు. రాళ్ల నడుమ సందులుండును గనుక, సోలెడు రాళ్ల ఉప్పుకంటె సోలెడు మెత్తని ఉప్పు బరువెక్కువ. పాత సోల లెక్కనే నేటి పొట్లములోని మెత్తని ఉప్పు పోసిన కాయ కటికుప్పగును. ఏ ఉప్పో చెప్పనిచో లెక్క చెప్పియు చెప్పనట్లే. 1896లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఫానీ ఫార్మర్ అను ఉపాధ్యాయిని తన వంటల పుస్తకములో గిన్నెనైనను చెంచానైనను అంచునకు సమముగా కొలువవలెనని పట్టుబట్టినది. సోలను తలకొట్టి కొలిచిన మన అవ్వకు అది వింత కాదు.

ఇంకొక పెద్దామె మమ్ము నిలువదీసి, "రాసినోళ్లు ఒక్కసారైనా వండి చూసేరా అమ్మా?" అని అడిగినది. మాకు జవాబు దొరకలేదు. ఆమె కోపము అరిసెల గూర్చి. పాకము పట్టి పిండి కలుపుమని వ్రాసిరి. చెడిన ఎందుకు చెడినదో వ్రాయలేదు. ఆమెయే చెప్పినది: బియ్యము నానబెట్టి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే దంచవలెను. బెల్లపు పాకమును నీటిలో బొట్టు వేసిన కరగక మెత్తని ఉండగా చేతికి రావలెను. పాకము లేతదైన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదిరిన పంటికి లొంగదు. పొరుగింటి ఒడియా ఇల్లాలు 'ఆరిసా పిఠా' చేయునప్పుడు కూడ ఇదే జాగ్రత్త, ఇదే తిట్టు! వంట చెప్పుట సగము, వంట ఎచ్చట చెడునో చెప్పుట సగము.

పండుగ దాటిన పిదప పండుగ వంట అచ్చువేయుట మరియొక దోషము. మార్గశిర లక్ష్మివారములు మనకును ఒడియావారికిని కలిసివచ్చు నోములు. వారి యింట పిఠాలు, మన పలువురి ఇండ్లలో ఒక వారము పులగము, ఒక వారము అట్లు తిమ్మనము, పిమ్మట అప్పములు, గారెలు, బూరెలు. ఆ లెక్క మార్గశిరము రాకముందే చేతికి అందవలెను.

పడుచువారు పిల్లల డబ్బాలకు క్రొత్త ఫలహారములు కోరిరి. పెద్దలకు అది నచ్చలేదు. మేము పడుచువారి పక్షమే. పాతది నిలువవలెనన్న పుటను చదువువారు కూడ ఉండవలెను గదా! ఫోనులో చూడవచ్చునందురా? చూడవచ్చును. మీ అత్తగారి దప్పళము అందులో మాకు కానరాలేదు.

అన్నిటికంటె మమ్ము ఆలోచింపజేసినది ఒక నోటుపుస్తకము. తల్లి చెప్పగా కూతురు వ్రాసికొన్నది. మాటలు తెలుగు, అక్షరములు ఒడియా. నవ్వవద్దు. ఆ తల్లి నేడు లేదు, ఆమె పులిహోర ఉన్నది. అయితే ఎ–ఏలకు, ఒ–ఓలకు వేరు గురుతులు ఒడియా లిపిలో లేవు. 'జాడీ నెల కదపకు' అని తల్లి చెప్పిన మాటను మనుమరాలు 'నేల' యని చదివి, జాడీ ఏ నేలపై పెట్టవలెనో తెలియక తికమకపడినది. ఇట్టి పిల్లకొరకై మన పుటను పెద్ద అక్షరములలో, చిన్న వాక్యములలో అచ్చువేయించెదము. వంటకొరకై కూడబలుకుకొని చదివిన పిల్ల ప్రక్క పుట కూడ చదువవచ్చునని మా ఆశ.

ఏ వంటయు వ్రాసినవారు గాక మరియొకరు తమ యింట వండి చూచిన పిదపనే అచ్చునకు పోవును. అందులకు ఈ సభనుండియే పేర్లు కావలెను. పాత నోటుపుస్తకములు, కాగితపు ముక్కలు ఉన్నవారు వచ్చు సమావేశమునకు తెండు. నూనె మరకలున్నను సరే. ఇక్కడనే చూచి వ్రాసికొని, మీ చేతికే తిరిగి ఇత్తుము.