పనిముట్టు మన చేతిలో ఉండాలి

(నూజివీడులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు, మనమూ" అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. పెన్షనర్ల సభలో డి.ఆర్. బకాయిల గురించి మాట్లాడితే చప్పట్లు వస్తాయి, కంప్యూటర్ల గురించి మాట్లాడితే ఆవలింతలు వస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఈ విషయం ఇప్పుడు మన పెన్షనుకూ, మన ఇంటికీ ముడిపడి ఉంది గనుక కొంచెం ఓపిక పట్టమని మనవి.

మనవాళ్లలో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తుంటాయి. మొదటిది: "ఈ వయసులో మనకెందుకండీ ఇవన్నీ, పిల్లలు చూసుకుంటారు." రెండవది: "అంతా ఫోన్లోనే ఉంది, ఇక ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు." మొదటి మాట అన్నవారు పనిముట్టును ముట్టుకోవడం లేదు. రెండవ మాట అన్నవారు పట్టుకున్నారు గాని, దాని పిడి ఎవరి చేతిలో ఉందో చూసుకోవడం లేదు. ఈ రెండింటికీ మధ్య దారి ఒకటి ఉంది. దాని గురించే చెబుతాను.

మనకు ఇది కొత్త కాదు

మన తరానికి కంప్యూటర్ అంటే భయమని పిల్లలు అనుకుంటారు. వాస్తవానికి ప్రభుత్వ కార్యాలయాల్లోకి కంప్యూటర్ వచ్చింది మన సర్వీసులోనే. రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసిన మిత్రులకు జ్ఞాపకం ఉంటుంది. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' పద్ధతి మొదలయింది. అంతకుముందు దస్తావేజును పుస్తకంలోకి చేత్తో ఎక్కించవలసి వచ్చేది. ఈ.సి. కావాలంటే పాత సంపుటాలు తిరగెయ్యాలి. ఆ తరువాత 2001లో హైదరాబాదులో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. వాటిని నడిపినవారు ఎవరు? మనమే. టైపు మిషను మీద నుంచి కీబోర్డు మీదికి చేతులు మార్చుకున్న తరం మనది. కనుక "మనకు రాదు" అనే మాట మానేద్దాం.

దీనివల్ల కలిగిన మేలు కూడా ఒప్పుకోవాలి. 2014 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం 'జీవన్ ప్రమాణ్' ప్రారంభించింది. బతికి ఉన్నామని రుజువు చేసుకోవడానికి అధికారి ఎదుట హాజరు కావలసిన అవసరం తగ్గింది. అయితే వయసు మీద పడ్డవారికి, మట్టిపని చేసినవారికి వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం పట్టుకోదు. 2021 నవంబరులో ముఖం గుర్తించే పద్ధతి వచ్చాక ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. మంచం దిగలేని మనిషికి, అమెరికాలో కొడుకు దగ్గర ఉన్న తల్లికి ఇది చిన్న మేలు కాదు. మామిడి రైతు కూడా తోటలో కూర్చునే నున్న మార్కెట్‌లో బంగినపల్లి, కలెక్టరు కాయల ధర ఎంత పలికిందో కనుక్కుంటున్నాడు. పనిముట్టు మంచిదే. దాన్ని మనం ఏలుతున్నామా, అది మనల్ని ఏలుతోందా అన్నదే ప్రశ్న.

బాగున్న కంప్యూటర్‌ను పారేయాలా?

మనలో చాలామంది ఇళ్లలో ఏడెనిమిదేళ్ల నాటి కంప్యూటర్ ఉంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్తూ వదిలిపెట్టినదో, రిటైరైనప్పుడు కొనుక్కున్నదో అయి ఉంటుంది. అందులో ఎక్కువగా ఉండేది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. అంటే ఆ కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. రోజూ లాగే పనిచేస్తుంది. కాని దొంగలు దూరే కొత్త కంతలు బయటపడినప్పుడు వాటిని పూడ్చే మరమ్మతులు ఇక మామూలుగా రావు. కోరుకున్నవారికి 2026 అక్టోబరు వరకు ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు, అంతే.

పోనీ విండోస్ 11 వేసుకుందామంటే, దానికి కొత్త తరం ప్రాసెసరు, భద్రత కోసం టి.పి.ఎం. అనే ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలి. పాత యంత్రాల్లో చాలావాటికి ఆ అర్హత లేదు. అప్పుడు దుకాణంలో చెప్పే మాట ఒకటే: "కొత్తది కొనుక్కోండి సార్." మీట నొక్కితే వెలుగుతున్న, అక్షరం పోకుండా పనిచేస్తున్న వస్తువును పారేసి, పెన్షన్ డబ్బులో నలభై యాభై వేలు తీసి ఇంకొకటి కొనాలా? మన ఇళ్లలో పాత గొడుగుకే కొత్త గుడ్డ వేయించి వాడిన వాళ్లం మనం.

ఇక్కడే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనే మాట వస్తుంది. మామిడి సీమ వాళ్లకు దీన్ని అర్థం చేసుకోవడం సులువు. మీ దొడ్లో మంచి చిన్నరసం చెట్టు ఉందనుకోండి. పక్కింటాయన వచ్చి, "బాబాయ్, ఒక పుల్ల ఇస్తావా, అంటు కట్టుకుంటాను" అంటే ఇస్తాం. ఆయన తన టెంక మొక్కకు అంటు కట్టుకుంటాడు. మన చెట్టు తరిగిపోదు. ఆయన ఇంకొకరికి ఇచ్చినా మనం అడ్డు చెప్పం. నూజివీడు చుట్టుపక్కల రసాల తోటలు పెరిగాయంటే అందులో ఈ ఇచ్చిపుచ్చుకోవడం పాలు చాలా ఉంది. కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ అలా కాదు. అక్కడ పండు తినడానికి మాత్రమే అనుమతి కొనుక్కుంటాం. పుల్ల కొయ్యడానికి వీల్లేదు, చెట్టు ఎలా పెరిగిందో చూడడానికి వీల్లేదు. కాపు ఆపేశామని వాళ్లంటే ఆగినట్లే.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన 1983లో ఈ పద్ధతికి ఎదురు నిలిచి 'గ్నూ' అనే పని ప్రారంభించారు. సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూసి మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు, మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగూ ఉంటేనే అది స్వేచ్ఛ అన్నారు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 'లినక్స్' మొదలుపెట్టారు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడుస్తున్నది ఆ లినక్సే. కనుక "లినక్స్ మనకెక్కడ వస్తుంది" అనే వారు ఇప్పటికే రోజూ దాన్ని వాడుతున్నారు.

ఇంగ్లీషులో ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకే మాట వాడతారు గనుక వాళ్లు ఈ తేడా చెప్పడానికి చాలా అవస్థ పడతారు. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో 2005లో మొదలై తెలుగులో ఆపరేటింగ్ సిస్టం కోసం పాటుపడిన సంస్థ 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలల పిల్లలు దాదాపు రెండు దశాబ్దాలుగా ఈ సాఫ్ట్‌వేర్ మీదనే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు.

అయితే దీన్ని సర్వరోగ నివారిణి అని చెప్పను. ఉత్తరాలు రాసుకోవడం, లెక్కలు వేసుకోవడం, పేపరు చదవడం, మనవళ్లతో వీడియోలో మాట్లాడడం వంటివాటికి పాత కంప్యూటర్‌లో లినక్స్ హాయిగా సరిపోతుంది. కొన్ని ప్రింటర్లు, వేలిముద్ర యంత్రాలు, ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాములు దాని మీద సరిగా నడవకపోవచ్చు. అందుకని ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకోవచ్చు. నచ్చితేనే లోపల ఎక్కించుకోవాలి. ఎక్కించే ముందు ఫొటోలు, కాగితాలు వేరే చోట భద్రపరచుకోవాలి.

మన అక్షరాల సంగతి

ఈ స్వేచ్ఛ విలువ తెలియాలంటే మన పత్రిక పాత సంచికలనే చూడండి. తెలుగు డి.టి.పి. వచ్చిన కొత్తలో ఒక్కొక్క కంపెనీ అక్షరాలకు ఒక్కొక్క లెక్క ఉండేది. ఒకదానిలో కొట్టిన వ్యాసం ఇంకొకదానిలో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. ప్రింటరు మారితే మళ్లీ మొదటి నుంచి కొట్టవలసిందే. అన్ని భాషలకూ ఒకే లెక్క ఉండాలని 'యూనికోడ్' వచ్చింది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2011లో మన రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలో సభ్యత్వం తీసుకుంది. తరువాత సిలికానాంధ్ర సహకారంతో గురజాడ, గిడుగు, మండలి, సూరన్న వంటి ఖతులు ఎవరైనా వాడుకునేలా విడుదలయ్యాయి. మండలి అంటే 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మన కృష్ణా జిల్లా మండలి వెంకట కృష్ణారావు గారే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు. సర్వీసులో ఊరూరూ తిరిగిన మనకంటే ఆ ఊళ్ల సంగతులు రాయగలవారు ఎవరున్నారు?

ఊరికే వచ్చేవాటి ఖరీదు

ఇక వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్. ఇవి ఉచితం, కాని స్వేచ్ఛ కాదు. మనం ఏం చూస్తున్నామో, ఎంతసేపు చూస్తున్నామో లెక్క కట్టి ప్రకటనలు అమ్ముకునే వ్యాపారమే వీటి వెనుక ఉన్నది. వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ కంపెనీ కొన్నది. మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేది ఏదో దాన్నే ముందుకు తోస్తారు. కోపం వచ్చే మాట, భయం పుట్టే మాట తొందరగా పాకుతుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే వాళ్లు వచ్చారన్న పుకార్లతో మన దేశంలో మనుషుల్ని కొట్టి చంపిన తరువాత, 2018లో వాట్సాప్ వారు ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి చేయవలసి వచ్చింది.

మన ప్రాంతానికి తగిలే ఉదాహరణ చెబుతాను. ఏటా వేసవిలో "మామిడి పండ్లన్నీ విషమే" అనే వీడియోలు తిరుగుతాయి. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషిద్ధం, అది నిజం. అలా చేసేవారిని పట్టించాలి. కాని ఇథిలీన్ వాయువుతో గదుల్లో మగ్గబెట్టడానికి ఆహార భద్రతా సంస్థ 100 పి.పి.ఎం. వరకు అనుమతి ఇచ్చింది. కాయ తనంతట తాను పండేటప్పుడు కూడా విడుదల చేసేది ఇథిలీనే. ఈ తేడా చెప్పని వీడియోను మనం పదిమందికి పంపితే, దెబ్బ తగిలేది మన ఊరి రైతుకే.

అంతకంటే పెద్ద ప్రమాదం మోసగాళ్లది. పోలీసు దుస్తుల్లో వీడియోలో కనిపించి "డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటవద్దు, ఎవరికీ చెప్పవద్దు" అని బెదిరిస్తారు. జీవితమంతా ప్రభుత్వ ఉత్తర్వును గౌరవించి బతికినవాళ్లం గనుక మనం తొందరగా లొంగుతాం. వాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. మన దేశంలో ఏ చట్టంలోనూ డిజిటల్ అరెస్టు అనేది లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరులో రేడియోలో ఈ మాటే చెప్పారు. అలాగే ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నామని, లైఫ్ సర్టిఫికెట్ సరిచేస్తామని ఓటీపీ అడిగేవారున్నారు. పెళ్లి శుభలేఖ పేరుతో ఏ.పి.కె. ఫైలు పంపేవారున్నారు. తాళం తియ్యనక్కర్లేకుండా ఇంట్లోకి వచ్చే దొంగ అది. నొక్కవద్దు.

ఇంటావిడకూ తెలియాలి

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇదివరకు పాస్ పుస్తకం, పి.పి.ఓ., బీమా కాగితాలు బీరువాలో ఒక సంచిలో ఉండేవి. మనిషి పోతే ఆ సంచి తీస్తే దారి దొరికేది. ఇప్పుడు అవన్నీ ఒక్క మగవాడి ఫోన్లో ఉంటున్నాయి. ఆయన పోయిన నాడు ఆ ఇల్లాలికి ఫోన్ తెరవడం కూడా రాదు. ఏ బ్యాంకులో ఏముందో తెలియదు. కుటుంబ పెన్షన్‌కు ఏ కాగితం కావాలో తెలియదు. భర్త పోయిన దుఃఖంలో ఆమె కౌంటర్ల దగ్గర నిలబడి అడుక్కోవాలా? పిల్లలు విదేశాల్లో ఉంటే ఇంకా కష్టం. ఈ సభలో ఉన్న ప్రతి సోదరుడూ ఈ మాట ఇంటికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.

ఆచరణకు కొన్ని సూచనలు మనవి చేస్తాను.

1. ఖాతాలు, డిపాజిట్లు, పి.పి.ఓ. నంబరు, బీమా, నామినీల పేర్లు ఒక నోటు పుస్తకంలో రాసి భార్యకు చూపించండి. రహస్య సంఖ్యలను ఫోన్ వెనుక అతికించవద్దు.

2. ఇద్దరూ ఫోన్ నేర్చుకోండి. ఆమె చేతే నెలకొకసారి కరెంటు బిల్లు కట్టించండి.

3. డబ్బు పంపడానికే యూపీఐ పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కర్లేదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

4. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత ముందు చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

5. పాత కంప్యూటర్లను పారేయవద్దు. మన ఊళ్లోనే 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. పల్లెల నుంచి వచ్చిన తెలివైన పిల్లలు అక్కడ చదువుతున్నారు. వారి సాయంతో సంఘ భవనంలో ఒక ఆదివారం పాత కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించే కార్యక్రమం పెట్టాలని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను.

6. మన పత్రికను ఇకనుంచి యూనికోడ్‌లోనే కూర్చి, సంచికలన్నీ ఒకచోట భద్రపరచాలి.

మిత్రులారా, కొత్తది వచ్చిందని పరుగెత్తనక్కర్లేదు, వచ్చిందని పారిపోనూ అక్కర్లేదు. మనకు ఎంతవరకు పనికొస్తుందో అంతవరకే వాడుకుందాం. తెలిసినది పక్కవారికి చెబుదాం.